‘కుదరదు’ అన్న రోజు ఏం జరుగుతుంది?

ప్రశ్న:

మేడమ్, నా వయసు 36. అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. చిన్నప్పటి నుంచీ అక్క మాటంటే నాకు వేదం. అందరితో కలుపుగోలుగా ఉంటుంది, నాలుగు మాటలతో ఎవరినైనా తనవైపు తిప్పుకుంటుంది. నాకు అవసరమైనప్పుడు సాయం కూడా చేసింది, కాదనను. కానీ కొన్నేళ్లుగా తనతో మాట్లాడిన ప్రతిసారీ తల బరువెక్కిపోతోంది.

మావారి ఉద్యోగం పోయిన సంగతి తనొక్కదానికే చెప్పుకున్నాను. వారం తిరక్కుండా బంధువులందరి ముందూ, ‘పాపం, వీళ్లిప్పుడు ఇబ్బందుల్లో ఉన్నారు, ఎవరూ ఏమీ అడక్కండి’ అంది. ఎందుకలా చెప్పావంటే, ‘నీ మీద ప్రేమకొద్దీ చెబితే నాకు దక్కేది ఇదా’ అని ఏడ్చింది. చివరికి నేనే సారీ చెప్పాను. ఇంకోసారి తనన్న మాటే గుర్తుచేస్తే, ‘నేనెప్పుడన్నాను? నీకీమధ్య మతిమరుపు ఎక్కువైంది’ అంది.

రెండు నెలల కిందట నాకు పొట్ట ఆపరేషన్ అయింది. మూడో రోజు అక్క చూడటానికి వచ్చింది. కాసేపు మాట్లాడి, వాళ్లబ్బాయి కాలేజీ అప్లికేషన్‌కి అదే ఆఖరు రోజంటూ ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టింది. కుట్ల మీద బరువు పడకుండా కింద దిండు కూడా సర్దింది. నింపి ఇచ్చాను. వచ్చే నెల వాళ్లు ఇల్లు మారుతున్నారు, పది రోజులు సెలవు పెట్టి రమ్మంటోంది. డాక్టర్ ఇంకా బరువులెత్తొద్దన్నారని చెబితే, ‘సరేలే, నాకెవరున్నారు’ అంది. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, ‘నువ్వు మారిపోయావట, అక్క బాధపడుతోంది’ అంది.

ఇంటర్నెట్‌లో ఒక టెస్ట్ కనిపిస్తే, అక్క గురించి నేనే జవాబులు నింపాను. ‘నార్సిసిస్ట్ లక్షణాలు బలంగా ఉన్నాయి’ అని వచ్చింది. అంటే తనంతటివారు లేరనుకునే మనిషట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అక్క నిజంగా అలాంటిదా? ఎదుటివాళ్ల బాధ పట్టని సైకోపాత్‌లంటారే, వాళ్లు ఇలాగే ఉంటారా? లేక నేనే గోరంతను కొండంత చేస్తున్నానా? ఒక్కోసారి అసలు మనుషుల్ని ఆడించేది నేనేనేమో అని కూడా భయమేస్తోంది.

– ఒక చెల్లెలు

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ దిండు దగ్గర ఆగిపోయాను. ఒక్క వాక్యంలో రాసేసి ముందుకెళ్లిపోయారు మీరు. అది అక్క మంచితనానికి గుర్తుగా రాశారో, ఫిర్యాదుగా రాశారో మీకే తెలిసినట్టు లేదు. నాకు మాత్రం మీరడిగిన దానికి సగం జవాబు ఆ దిండులోనే కనిపించింది.

మీ అక్కకు మీ నొప్పి తెలియలేదని అనలేం. తెలుసు కాబట్టే దిండు సర్దింది. ల్యాప్‌టాప్ బరువు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడితే మీరు ‘అబ్బా’ అంటారో ముందే ఊహించింది. కానీ ఆ తెలిసినది ఆమెను ఆపలేదు. ‘అయ్యో, మూడో రోజు కదా, ఇంకెవరితోనైనా నింపించుకుంటాను’ అనిపించలేదు. నొప్పి తన పనికి అడ్డు రాకుండా చూసుకుంది, అంతే.

మనస్తత్వ శాస్త్రం సహానుభూతిని రెండుగా చూస్తుంది. ఎదుటి మనిషికి ఏమనిపిస్తోందో తెలుసుకోగలగడం ఒకటి. అది తెలిశాక మన లోపల కూడా ఏదో కలుక్కుమనడం రెండోది. మనం మామూలుగా ఈ రెండూ కలిసే ఉంటాయనుకుంటాం. మనసు చదవగలిగిన మనిషికి మనసు కరగడం కూడా వచ్చే ఉంటుందని నమ్ముతాం. అందుకే ఇలాంటివాళ్ల దగ్గర ఏళ్ల తరబడి తికమకపడతాం. మీ బాధను మీకంటే బాగా మాటల్లో పెట్టగలరు, ఎక్కడ నొక్కితే మీరు మెత్తబడతారో తెలుసు, కానీ ఆ తెలివి మీ కోసం వాడాల్సిన సమయం వచ్చేసరికి చేతులు ఖాళీగా ఉంటాయి.

ఇక టెస్ట్ సంగతి. దాన్ని పక్కన పెట్టేయండి. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అని నిర్ధారించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 9 లక్షణాలు చెబుతుంది. వాటిలో కనీసం 5 ఉండాలి. అవి కూడా యవ్వనం మొదలైనప్పటి నుంచి, ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు అనే తేడా లేకుండా అన్నిచోట్లా కనిపించాలి. సైకోపాత్ అనే మాటకు ఇంకా పెద్ద తతంగం ఉంది. కెనడా సైకాలజిస్ట్ రాబర్ట్ హేర్ తయారుచేసిన పట్టికలో 20 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు, మొత్తం 40. శిక్షణ పొందినవాళ్లు ఆ మనిషితో గంటల తరబడి మాట్లాడి, పాత రికార్డులు తిరగేసి వేసే మార్కులవి. ఎక్కువగా నేరస్థుల విషయంలో వాడతారు. మనసు గాయపడి ఉన్న చెల్లెలు అర్ధరాత్రి ఫోన్‌లో అక్క గురించి కొట్టిన టిక్కులకు ఆ విలువ రాదు. మీరు అబద్ధం చెప్పారని కాదు. మీకు తెలిసిన అక్క మీతో ఉన్న అక్క మాత్రమే, అందుకు.

అలాగని లక్షణాల గురించి మాట్లాడటమే తప్పని నేననను. 2002లో పాల్హస్, విలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు గుణాలను కలిపి ‘డార్క్ ట్రయాడ్’ అని పేరు పెట్టారు. తనంతటివారు లేరనుకోవడం, లెక్కవేసి మనుషుల్ని వాడుకోవడం, ఎదుటివారి బాధకు చలించకపోవడం. రోగులకో ఖైదీలకో కాదు, మామూలు జనానికి సంబంధించి చెప్పినవి ఇవి. ఎత్తు, బరువులాగే ఒకరిలో తక్కువగా, ఒకరిలో ఎక్కువగా ఉంటాయి. కాబట్టి ‘మా అక్క అలాంటిదా, కాదా’ అన్న ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు లేదు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న మీకు హాని కూడా చేస్తోంది. అవునంటే ‘పాపం, అదొక జబ్బు, నేనే సర్దుకోవాలి’ అనుకుంటారు. కాదంటే ‘అయితే తప్పు నాదే’ అనుకుంటారు. ఎటు తిరిగినా కుట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకునేది మీరే.

ఇంకో మాట కూడా చెప్పాలి. సహానుభూతి లేనట్టు కనిపించే వాళ్లందరూ ఇలాంటివాళ్లు కారు. తీవ్రమైన దుఃఖంలో ఉన్నవాళ్లు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, నెలల తరబడి నిద్రలేని వాళ్లు పక్క మనిషిని పట్టించుకోలేరు. వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు. కొందరికి ముఖం చూసి మనసు పట్టుకోవడం పుట్టుకతోనే కష్టం. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది ఇలా ఉంటారు. కానీ ‘నువ్వన్న మాటకు నాకు బాధ కలిగింది’ అని విడమర్చి చెబితే వాళ్లు కంగారుపడతారు, నిజంగా నొచ్చుకుంటారు. మీ అక్కది దీనికి సరిగ్గా తిరగేసిన పరిస్థితి. చెప్పకుండానే పట్టేస్తుంది, చెప్పాక పట్టించుకోదు. అందుకే నేనెప్పుడూ తప్పు జరిగిన క్షణం కంటే, ఆ తప్పు గురించి చెప్పాక వచ్చే అరగంటను ఎక్కువగా చూడమంటాను.

మీవారి ఉద్యోగం సంగతిలో ఆ అరగంట ఎలా గడిచిందో ఒకసారి చూడండి. ‘ఎందుకు చెప్పావక్కా’ అని మీరు వెళ్లారు. రహస్యం బయటపెట్టింది ఆమె. పది నిమిషాల్లో ఏడుస్తున్నదీ ఆమే. సారీ చెప్పి, కళ్లు తుడిచి, ఊరుకోబెట్టి వచ్చింది మీరు. మీరు ఏ మాట అడగడానికి వెళ్లారో ఆ మాట అక్కడే పడిపోయింది. దీన్నే మనవాళ్లు ప్లేటు ఫిరాయించడం అంటారు. 1997లో జెన్నిఫర్ ఫ్రైడ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దీనికి ఒక క్రమం ఉందని రాశారు. ముందు జరగలేదనడం, తర్వాత అడిగినవాళ్ల మీద విరుచుకుపడటం, ఆఖరికి తానే బాధితురాలైపోవడం. ఈ క్రమం తెలియడం వల్ల మీకో లాభం ఉంది. మూడో మెట్టు దగ్గర ఉన్నానని మీకు తెలిస్తే, సారీ నోటిదాకా వచ్చి ఆగుతుంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు అని కూడా నేననను. ఆమెకు నిజంగానే బాధ కలిగి ఉండొచ్చు. కానీ ఆ రోజు ఓదార్పు దక్కాల్సింది మీకు.

రహస్యాన్ని సానుభూతిలో చుట్టి బయటపెట్టడం గురించి కూడా ఒక మాట. తిట్టి ఉంటే బంధువులు మీ పక్షాన మాట్లాడేవాళ్లు. ‘పాపం’ అని చెప్పేసరికి మీరు నోరెత్తలేకపోయారు. ఎత్తితే మీరే మూర్ఖుల్లా కనిపిస్తారు. చేతికి మట్టి అంటకుండా జరిగే ఇలాంటి పనుల్ని బయటివాళ్లకు వివరించడం చాలా కష్టం. ‘ఏమందని ఇంత బాధ?’ అని వాళ్లడిగితే, చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. మీరింతకాలం ఎవరికీ చెప్పుకోలేకపోవడానికి అది కూడా కారణమే అనుకుంటున్నాను.

‘నేనెప్పుడన్నాను’ అన్నదాన్ని ఈమధ్య వెంటనే గ్యాస్‌లైటింగ్ అనేస్తున్నారు. 1938 నాటి ఒక నాటకం నుంచి పుట్టిన మాట అది. అర్థం పెద్దది: ఎదుటి మనిషికి తన కళ్ల మీద, చెవుల మీద, జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయేలా చేయడం. మాటలు మర్చిపోవడం అందరికీ ఉంటుంది, ఇద్దరు అక్కచెల్లెళ్లకు ఒకే సంఘటన రెండు రకాలుగా గుర్తుండటమూ మామూలే. కాబట్టి ఒక్కసారికి ఆ పేరు పెట్టకండి. అయితే ‘నాకు గుర్తులేదే’ అన్నదానికీ, ‘నీకే మతిమరుపు ఎక్కువైంది’ అన్నదానికీ తేడా ఉంది. మొదటిది తన జ్ఞాపకం గురించి, రెండోది మీ బుర్ర గురించి. రెండో రకం మాట నెలకు ఎన్నిసార్లు వింటున్నారో గమనించండి.

ఇంత జరిగినా అక్కను ఎందుకు వదల్లేకపోతున్నానని మీరు రాయకపోయినా ఆ ప్రశ్న ఉత్తరమంతా ఉంది. అక్క ఎప్పుడూ ఒకేలా ఉంటే మీరెప్పుడో దూరం జరిగేవారు. మధ్యమధ్యలో కడుపులో పెట్టుకుని చూస్తుంది కదా, అక్కడుంది ముడి. 1950లలో స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం ఇది. ముక్కుతో మీట నొక్కిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజ ఆగిపోగానే త్వరగా మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి దొరికినది మాత్రం నొక్కుతూనే ఉంటుంది. మనుషుల ప్రేమను గింజలతో పోల్చడం నాకూ ఇష్టం లేదు, కానీ ఎదురుచూపు ఎలా పెరుగుతుందో ఇంతకంటే బాగా చెప్పేది నాకు కనిపించలేదు.

వదల్లేకపోవడానికి రెండో కారణం మొహమాటం. పెద్ద కోరిక ముందే అడిగితే ఎవరైనా కాదంటారు. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇళ్ల యజమానులను, జాగ్రత్తగా నడపండి అని రాసిన పెద్ద వికారమైన బోర్డు మీ ముంగిట పెట్టుకుంటారా అని అడిగించారు. నేరుగా అడిగినవాళ్లలో దాదాపు 17 శాతం మందే ఒప్పుకున్నారు. అదే విషయం మీద కొన్నాళ్ల ముందు ఒక చిన్న కాగితం అతికించడానికి సరేనన్నవాళ్లలో 76 శాతం ఒప్పుకున్నారు. ల్యాప్‌టాప్ మీ ఒళ్లోకి ఆ మూడో రోజు కొత్తగా రాలేదు. దానికి ముందు ఏళ్ల తరబడి చిన్న చిన్న ‘సరేలే అక్కా’లు ఉండి ఉంటాయి.

ఇప్పుడు మీ భయం: మనుషుల్ని ఆడించేది నేనేనేమో. ఎదుటివాళ్ల మనసు మార్చడానికి కాస్త అలగడం, కాస్త బతిమాలడం, కావాలని మౌనంగా ఉండటం మనమంతా చేస్తాం. నేనూ చేస్తాను. ‘నువ్విలా చేస్తున్నావు’ అని ఎవరైనా చూపిస్తే ఏం చేస్తామన్నది అసలు సంగతి. మీరు ఈ ఉత్తరంలో అక్క చేసిన సాయం ముందే రాశారు, దిండు సంగతి రాశారు, మీ మీద మీరే కేసు కూడా పెట్టుకున్నారు. ఇద్దరి వైపు నుంచీ చూడాలని ఇంత తాపత్రయపడే మనిషికి ఆ భయం అక్కర్లేదు. ఆ తాపత్రయమే మిమ్మల్ని అలసిపోయేలా చేస్తోంది.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక పెద్దావిడ ఉండేవారు. అందరికీ ఆవిడంటే ఎంతో గౌరవం, నాకూ ఉండేది. కానీ ఫోన్‌లో ఆవిడ పేరు కనిపిస్తే కూర్చున్నదాన్ని లేచి నిలబడేదాన్ని, గొంతు సవరించుకుని, ఏం చెప్పాలో రెండుసార్లు అనుకుని అప్పుడు ఎత్తేదాన్ని. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా పరుషంగా అన్నది లేదు. అందుకే నా మనసు ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది, ఒంటికి మాత్రం మొదటి ఆర్నెల్లలోనే తెలిసిపోయింది. మీ ‘తల బరువెక్కడం’ చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక చేయాల్సింది. అక్కను కూర్చోబెట్టి ‘నువ్వు నార్సిసిస్ట్‌వి’ అని మాత్రం చెప్పొద్దు. ఆ మాటతో ఎవరూ మారిన దాఖలా నేను చూడలేదు, రేపు అదే మాట పట్టుకుని మీరే దుర్మార్గులని ఊరంతా తిప్పే అవకాశం ఉంది. దాని బదులు ఒక్క ‘కుదరదు’ చెప్పి చూడండి. ఇల్లు మారే విషయం దానికి సరిగ్గా సరిపోతుంది, డాక్టర్ మాట కూడా మీ వైపే ఉంది. ‘అక్కా, ఈసారి నేను రాలేను. మీ ఇల్లు సర్దుకున్నాక ఒకరోజు వచ్చి చూస్తాను.’ ఇంతే. సంజాయిషీ ఇవ్వకండి. మీరు చెప్పే ప్రతి కారణానికీ ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంటుంది. బరువులెత్తొద్దన్నారంటే ‘నువ్వు కూర్చుని చెబితే చాలు’ అంటుంది. సెలవు లేదంటే మీ ఆఫీసు సంగతి మీకే చెబుతుంది. కారణం లేని ‘కుదరదు’తో వాదించడం కష్టం. అడిగినదాన్నే మళ్లీ అడిగితే, మీరూ ఆ వాక్యాన్నే మళ్లీ చెప్పండి, గొంతు పెంచకుండా.

మొదట్లో పరిస్థితి ఇంకా చెడుతుంది, దానికి సిద్ధపడండి. ఇన్నాళ్లూ పనిచేసిన మీట పనిచేయకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా నొక్కుతారు. కోపం, తర్వాత ఏడుపు, తర్వాత మాట్లాడటం మానేయడం, ఆ తర్వాత అకస్మాత్తుగా ఎక్కడలేని ప్రేమ. ఏది వచ్చినా రెండు మూడు వారాలు మాట మార్చకండి. మధ్యలో లొంగితే, ఎంత గట్టిగా నొక్కితే మీరు దిగివస్తారో ఆమెకు కొత్తగా నేర్పినట్టవుతుంది.

అమ్మను న్యాయం చెప్పమని అడగొద్దు. ఆవిడకు ఇద్దరూ కూతుళ్లే. ‘అక్క మీద నాకేం కోపం లేదమ్మా, ఆపరేషన్ అయింది కదా, ఈసారి రాలేనన్నాను, అంతే’ అని ఒక్కసారి చెప్పి ఇంకో విషయంలోకి వెళ్లిపోండి. అక్క మీద ఎదురు చాడీలు చెప్పే పని పెట్టుకుంటే అమ్మ నలిగిపోతుంది, మీకూ మనశ్శాంతి ఉండదు.

అక్కతో మనసులో మాటలు చెప్పుకోవడం కొన్నాళ్లు తగ్గించండి. ఉద్యోగం, ఆరోగ్యం, మీ దంపతుల మధ్య గొడవలు, ఇవేవీ వద్దు. వాతావరణం, పిల్లల చదువులు మాట్లాడుకోండి. ఇది కపటమేమీ కాదు. ఒకసారి బయటికెళ్లిన రహస్యం తిరిగి రాదు కాబట్టి తీసుకునే జాగ్రత్త. అలాగే ఫోన్ పెట్టేశాక ఎవరేమన్నారో నాలుగు ముక్కలు, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆమెకు చూపించి గెలవడానికి కాదు. ‘మతిమరుపు ఎక్కువైంది’ అన్న మాట విన్న రాత్రి మీరు తెరిచి చూసుకోవడానికి.

అక్క మారుతుందా అని మీరడగలేదు, కానీ అడగాలనుకున్నారని నాకనిపించింది. 2013లో నెదర్లాండ్స్‌లో సైకోపతీ ఉన్న నేరస్థుల మెదళ్లను స్కాన్ చేసి చూశారు. ఇతరుల నొప్పి చూపించే వీడియోలు మామూలుగా చూసినప్పుడు వాళ్ల మెదడులో స్పందన తక్కువగా ఉంది. ‘ఆ మనిషి స్థానంలో ఉన్నట్టు ఊహించుకుని చూడండి’ అని ప్రత్యేకంగా చెప్పినప్పుడు ఆ తేడా చాలావరకు తగ్గింది. అంటే కొందరిలో స్పందన పూర్తిగా ఎండిపోలేదు, తనంతట తాను రాదు, పూనుకుంటే వస్తుంది. మీ అక్క వాళ్లలాంటిదని చెప్పడం లేదు. అంత దూరం వెళ్లినవాళ్లలోనే అది సాధ్యమైందంటే, మీ అక్క విషయంలో ఆశ వదులుకోమని నేను చెప్పలేను. కాకపోతే ఆ పూనుకోవడం ఆమె చేయాలి. మీరు ఇంకాస్త మంచిగా ఉండి దాన్ని తెప్పించలేరు. ఇన్నేళ్లూ మీరు చేసింది అదే కదా.

ఇలాంటి ఉత్తరాలే రాసే మిగతావారికి ఒక మాట. మీరు ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి మీ డబ్బు, ఫోన్, బయటికి వెళ్లడం తన గుప్పిట్లో పెట్టుకున్నా, బెదిరించినా, చెయ్యి చేసుకున్నా పైన చెప్పింది మీకు సరిపోదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నుంచి ఇలా మనిషిని అదుపులో పెట్టుకోవడమే నేరం, దెబ్బలు పడకపోయినా సరే. అక్కడ ‘కుదరదు’ అని పరీక్షించి చూడకండి. నమ్మకమైన మనిషికి, హెల్ప్‌లైన్‌కి ముందు చెప్పి, సురక్షితంగా ఉండే దారి చూసుకున్నాకే ఏదైనా. అలాంటి మనిషితో కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడండి. మీరక్కడ చెప్పుకున్న భయాలే ఇంటికొచ్చాక మీ మీదికి రావొచ్చు.

చెల్లెమ్మా, మీ విషయానికే వస్తాను. మీరు అక్కతో తెగతెంపులు చేసుకోవాల్సిన పనిలేదు, ఇప్పుడే ఏదీ తేల్చుకోవాల్సిన పనీ లేదు. ఈ వారంలో, మీకు ఒంట్లో బాగున్న ఒక ఉదయం ఫోన్ చేసి ఆ రెండు వాక్యాలూ చెప్పండి. చెప్పాక మౌనంగా ఉండి వినండి. అక్క కోపంగా మాట్లాడినా ఫర్వాలేదు, ఇల్లు మారే టెన్షన్‌లో ఎవరికైనా కోపం వస్తుంది. ఆ తర్వాతి వారం రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు, ‘కుట్లు మానాయా? ఇంకా నొప్పిగా ఉందా?’ అని తనంతట తాను అడుగుతుందేమో చూడండి. అడిగినా, అడగకపోయినా ఆ పుస్తకంలో తేదీ వేసి రాసుకుని, నెలాఖరున నాకు మళ్లీ ఉత్తరం రాయండి.